రీడింగ్ హాలుకి ఒక చప్పుడు మీటర్ తయారు చేసుకోవడం

లైబ్రరీలో శబ్దం కొలిచే పరికరం చేశానని చెప్పగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "ఎవరైనా గట్టిగా మాట్లాడితే బజర్ మోగుతుందా?" మోగదు. బజర్ అసలు పెట్టకండి. నిశ్శబ్దం కోసం పెట్టిన వస్తువే మోగితే ఎలా? పైగా ఆ మోతని దాని మైకే మళ్లీ వింటుంది కాబట్టి ఇంకాసేపు మోగుతుంది. వీటన్నిటికంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. బజర్ మోగగానే హాల్లో ఉన్నవాళ్లందరూ తల తిప్పి ఒక మనిషిని చూస్తారు. ఆ మనిషి మళ్లీ లైబ్రరీకి రాకపోవచ్చు.

నేను లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి తీసుకునే కౌంటర్ దగ్గర పనిచేస్తాను. అంతకుముందు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను, సోల్డరింగ్ చేతికి అలవాటే. మా రీడింగ్ హాలు కోసం చేసిన పెట్టె రెండు పనులు చేస్తుంది. హాల్లో మోత పెరిగి కాసేపు అలాగే ఉంటే ఒక పసుపు దీపాన్ని మెల్లగా వెలిగిస్తుంది. రోజంతా నిమిషానికొకసారి శబ్దం స్థాయిని కార్డులో రాసిపెడుతుంది. నా దృష్టిలో రెండోదే అసలు పని. దీపం పాఠకులకి గుర్తు చేస్తుంది, అంతవరకే. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో లైబ్రరీ నడిపేవాళ్లకి చెప్పేది ఆ రాతే. చాలాసార్లు అది మనుషుల గొంతుల నుంచి రాదు, మనం సరిగ్గా చూసుకోని వస్తువుల నుంచి వస్తుంది.

కావలసిన సామాను

ముందు మైక్. "సౌండ్ సెన్సర్" పేరుతో అమ్మే చిన్న బోర్డు ఒకటుంది. దాని మీద స్క్రూతో తిప్పే నీలం రంగు పొటెన్షియోమీటర్, ఎల్‌ఎం393 అనే కంపారేటర్ చిప్ ఉంటాయి. చప్పట్లు కొడితే లైటు వెలిగించడానికి అది చాలు. కానీ అది చెప్పేది "ఉంది, లేదు" అనే రెండు మాటలే. ఎంత ఉందో చెప్పలేదు. మాక్స్9814 చిప్‌తో వచ్చే మైక్ బోర్డు కూడా ఈ పనికి వద్దు. అందులో ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ ఉంటుంది, అంటే శబ్దం తగ్గితే తనంతట తానే గెయిన్‌ని (సంకేతాన్ని పెంచే మోతాదుని) పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. మాటలు రికార్డు చేయడానికి అది మంచి గుణం, కొలవడానికి మాత్రం పనికిరాని గుణం.

నేను వాడింది ఐఎన్‌ఎంపీ441. ఇది డిజిటల్ మెమ్స్ మైక్, అంటే చిప్‌లోనే ఇమిడిన అతి చిన్న మైక్. శబ్దాన్ని లోపలే 24 బిట్ల అంకెలుగా మార్చి, శబ్దపు అంకెల్ని చిప్‌ల మధ్య పంపే ఐ2ఎస్ పద్ధతిలో బయటికి పంపిస్తుంది. అనలాగ్ వైరింగ్‌లో దూరే గుర్రుమనే నాయిస్ గొడవ ఉండదు. దీని డేటాషీట్ ప్రకారం 1 కిలోహెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్స్ శబ్దం తగిలితే ఫుల్ స్కేల్‌కి (మైక్ ఇవ్వగల గరిష్ఠ స్థాయికి) 26 డెసిబెల్స్ కింద ఉండే సంకేతం వస్తుంది. సిగ్నల్ టు నాయిస్ నిష్పత్తి, అంటే ఆ సంకేతం మైక్ సొంత నాయిస్ కంటే ఎంత పైన ఉంటుందో చెప్పే అంకె, 61. అంటే 94 లోంచి 61 తీసేస్తే 33. మైక్ సొంత నాయిస్ 33 డెసిబెల్స్ అన్నమాట. ఈ 33 అంకెని గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

మిగతావి: ఈఎస్‌పీ32 డెవలప్‌మెంట్ బోర్డు (మన ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది), మైక్రో ఎస్‌డీ కార్డు మాడ్యూల్ (3.3 వోల్టులతో పనిచేసేది), టైము కోసం డీఎస్3231 గడియారం మాడ్యూల్, 5 మిల్లీమీటర్ల పసుపు ఎల్‌ఈడీ ఒకటి, 220 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 5 వోల్టుల మంచి ఫోన్ చార్జర్, ప్లాస్టిక్ డబ్బా, కొంచెం స్పాంజ్.

ఈఎస్‌పీ32లో వైఫై ఉంది కదా, టైము ఇంటర్నెట్ నుంచే తీసుకోవచ్చు కదా, వేరే గడియారం ఎందుకు అని అడుగుతారు. నేను కావాలనే వైఫై ఆపేశాను. చదువుకునే చోట మైక్ ఉన్న పెట్టె పెడుతున్నాం. "ఇది నా మాటలు ఎక్కడికైనా పంపిస్తోందా?" అని పాఠకుడు అడిగితే, "దీనికి నెట్ కనెక్షనే లేదు" అని సూటిగా చెప్పగలగాలి. డీఎస్3231 ఏడాదికి సుమారు ఒక్క నిమిషం మించి తేడా రానివ్వదు, మన పనికి అది ఎక్కువే.

ఒకే దీపం, అదీ పసుపు ఎందుకంటే, ఆకుపచ్చ, ఎరుపు తేడా తెలియని కళ్లు కొందరికి ఉంటాయి. వెలుగుతోందా లేదా అన్నది మాత్రం అందరికీ తెలుస్తుంది. ఎరుపు రంగు చూస్తే మందలించినట్టు ఉంటుంది, అది నాకు ఇష్టం లేదు.

వైరింగ్

మైక్ వీడీడీని ఈఎస్‌పీ32 బోర్డు 3.3 వోల్టుల పిన్‌కి కలపండి. 5 వోల్టులు ఇస్తే మైక్ పాడవుతుంది. గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి కలపండి. మైక్ ఎస్‌సీకే (క్లాక్) పిన్‌ని బోర్డు మీద జీపీఐవో 26 అనే పిన్‌కి, డబ్ల్యూఎస్‌ని 25కి, ఎస్‌డీ (మైక్ డేటా పిన్, కార్డు కాదు)ని 33కి కలపండి. ఎల్/ఆర్ పిన్‌ని గాల్లో వదలకండి, గ్రౌండ్‌కి కలపండి. అప్పుడు మైక్ ఎడమ చానెల్‌లో మాట్లాడుతుంది, ప్రోగ్రాంలో కూడా ఎడమ చానెలే చదవాలి. అంతా సరిగ్గా కలిపినా అన్నీ సున్నాలే వస్తున్నాయంటే నూటికి తొంభై పాళ్లు ఈ పిన్ దగ్గరే తేడా ఉంటుంది.

సెకనుకి 48,000 శాంపిల్స్ తీసుకుంటే ఎస్‌సీకే మీద నడిచే క్లాక్ 3.072 మెగాహెర్ట్జ్. అందుకే మైక్ వైర్లు పొట్టిగా ఉంచండి, జానెడు దాటనివ్వకండి.

గడియారం మాడ్యూల్ డేటా పిన్ 21కి, క్లాక్ పిన్ 22కి. దీనికి కూడా 3.3 వోల్టులే ఇవ్వండి. మార్కెట్లో ఎక్కువగా దొరికే మాడ్యూల్‌లో బ్యాటరీని చార్జ్ చేసే చిన్న సర్క్యూట్ ఉంటుంది. 5 వోల్టులు ఇస్తే అది మామూలు బటన్ సెల్‌ని కూడా చార్జ్ చేయబోతుంది, అది ప్రమాదం. కార్డు మాడ్యూల్‌ని మామూలు ఎస్‌పీఐ పిన్‌లకి, అంటే 18, 19, 23, 5కి కలపండి. ఎల్‌ఈడీ పొడుగు కాలుని 220 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా 27కి, పొట్టి కాలుని గ్రౌండ్‌కి. సుమారు 6 మిల్లీయాంప్‌లు ప్రవహిస్తాయి, పల్చటి తెల్ల కాగితం వెనక పెడితే కళ్లకి హాయిగా కనిపిస్తుంది.

సోల్డరింగ్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఐఎన్‌ఎంపీ441కి శబ్దం వెళ్లే రంధ్రం చిప్ మీద కాదు, బోర్డుకి రెండో వైపు ఉంటుంది. సూది మొనంత రంధ్రం. సోల్డర్ చేసే ముందు దాని మీద టేపు ముక్క అంటించండి, ఫ్లక్స్ పొగ లోపలికి పోకూడదు. పని అయ్యాక టేపు తీసేయండి. గాలి ఊది శుభ్రం చేయొద్దు, లోపలి పొర చిరిగిపోతుంది.

శాంపిల్ నుంచి డెసిబెల్ దాకా

ప్రోగ్రాంని ఇలాంటి బోర్డుల కోసం ఉన్న ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో రాసుకోవచ్చు. ఇందులో ఏ లైన్ ఎందుకు ఉందో తెలియకుండా ఎక్కడి నుంచో కాపీ చేసుకుంటే, వచ్చే అంకె డెసిబెల్‌లా కనిపిస్తుంది కానీ డెసిబెల్ కాదు. అందుకే లెక్క ఎలా నడుస్తుందో వివరంగా చెబుతాను.

మైక్ నుంచి ప్రతి శాంపిల్ 32 బిట్ల గదిలో వస్తుంది, అసలు సమాచారం పై 24 బిట్లలో ఉంటుంది. 8 బిట్లు కుడికి జరిపితే సరైన అంకె వస్తుంది. పవర్ ఇచ్చిన వెంటనే ఈ మైక్ కొద్దిసేపు సున్నాలే పంపిస్తుంది, ఆ తర్వాత కూడా ఫిల్టర్లు కుదుటపడాలి. కాబట్టి మొదటి సెకను మొత్తాన్ని వదిలేయండి.

తర్వాత ఏమీ లెక్క కట్టకుండా, వచ్చిన అంకెల్ని ఊరికే సీరియల్ ప్లాటర్‌లో గ్రాఫ్‌గా చూడండి. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గీత సున్నా దగ్గర కాకుండా కాస్త పైనో కిందో ఆడుతూ ఉంటుంది. అది డీసీ ఆఫ్‌సెట్. దాన్ని తీసేయకుండా లెక్క కడితే ఎంత నిశ్శబ్దంలోనైనా మీటరు ఒక అంకె దగ్గర అతుక్కుపోయి కిందికి దిగదు. ఒక చిన్న హైపాస్ ఫిల్టర్ (మారకుండా ఉండే భాగాన్ని ఆపి, వేగంగా మారే శబ్దాన్ని మాత్రం వదిలే లెక్క) పెడితే పోతుంది.

ఇప్పుడు "ఏ వెయిటింగ్" (ఇంగ్లీషు A అక్షరం), అంటే చెవి వినే తీరుకి తగ్గట్టు కొలతని సరిచేయడం. మన చెవి అన్ని స్వరాల్నీ ఒకేలా వినదు, లోతైన స్వరాలు తక్కువగా వినిపిస్తాయి. సౌండ్ లెవెల్ మీటర్లకి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61672లో దీనికి ఒక వక్రరేఖ ఉంది. 1000 హెర్ట్జ్ దగ్గర ఏ మార్పూ ఉండదు, 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ తగ్గించాలి. దీన్ని మూడు రెండో తరగతి ఐఐఆర్ ఫిల్టర్లతో (తమ పాత ఫలితాల్ని కూడా కలుపుకుని లెక్క కట్టే ఫిల్టర్లు) ప్రోగ్రాంలో చేయొచ్చు. ఆ ఫిల్టర్ల గుణకాలు శాంపిల్ రేటుని బట్టి మారతాయి. 44,100కి తయారు చేసినవి తెచ్చి 48,000లో పెడితే వక్రరేఖ జరిగిపోతుంది. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మైక్ అవసరమే లేదు. ప్రోగ్రాంలోనే 1000 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని లెక్కగట్టి ఫిల్టర్‌లోకి పంపండి, బయటికి వచ్చేది లోపలికి వెళ్లినంతే ఉండాలి. తర్వాత 100 హెర్ట్జ్ పంపండి, 19 తగ్గాలి. ఈ పరీక్ష చేయకుండా ముందుకి పోకండి.

ఫిల్టర్ దాటిన శాంపిల్స్‌ని 6,000 చొప్పున కట్టలు కట్టండి. 48,000 రేటులో 6,000 శాంపిల్స్ అంటే 125 మిల్లీసెకన్లు. మామూలు మీటర్లలో "ఫాస్ట్" సెట్టింగ్ కాలం కూడా ఇంతే. ప్రతి కట్టలో ప్రతి శాంపిల్‌నీ వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే ఆర్‌ఎంఎస్ వస్తుంది.

24 బిట్లలో గరిష్ఠ అంకె 83,88,607. 94 డెసిబెల్స్ శబ్దానికి సంకేతం దీనికి 26 డెసిబెల్స్ కింద ఉంటుందని చెప్పుకున్నాం, లెక్క కడితే 4,20,426. కానీ అది సైన్ తరంగపు శిఖరం విలువ. మనం కట్టింది ఆర్‌ఎంఎస్. ఈ రెండింటికీ మధ్య 3.01 డెసిబెల్స్ తేడా ఉంది. అందుకే సూత్రం ఇలా అవుతుంది: స్థాయి = 94 + 3.01 + 20 × లాగ్ (ఆర్‌ఎంఎస్ ÷ 4,20,426) + కాలిబ్రేషన్ సవరణ. లాగ్ 10 ఆధారంగా. సవరణ ఇప్పటికి సున్నా అనుకోండి.

కట్ట లెక్క పూర్తవగానే ఆ శాంపిల్స్‌ని చెరిపేయండి. కార్డులోకి శబ్దం ఎప్పుడూ వెళ్లకూడదు, అంకెలే వెళ్లాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. "టెస్టింగ్ కోసం కాసేపు రికార్డు చేద్దాం" అనిపిస్తే ఆ పని మీ ఇంట్లో చేసుకోండి, హాల్లో కాదు.

సగటు దగ్గర వచ్చే చిక్కు

డెసిబెల్స్‌ని మామూలు అంకెల్లా కూడకూడదు. 50 డెసిబెల్స్ మోత పెట్టే రెండు ఫ్యాన్లు కలిస్తే 53 అవుతుంది, 100 కాదు. సగటు కూడా అంతే. ఒక గంటలో 59 నిమిషాలు 40 డెసిబెల్స్, ఒక్క నిమిషం 80 డెసిబెల్స్ ఉన్నాయనుకోండి. మామూలు సగటు కడితే 41 కూడా రాదు, హాలు ప్రశాంతంగా ఉందనిపిస్తుంది. శక్తి లెక్కన సగటు కడితే 62 వస్తుంది. దీన్నే లెక్ అంటారు, "ఏ వెయిటింగ్" తో కడితే ఎల్‌ఏ‌ఈక్యూ. కట్టే తీరు: ప్రతి స్థాయినీ పదితో భాగించి, పదికి ఆ ఘాతం వేసి, అన్నిటినీ సగటు చేసి, లాగ్ తీసి, మళ్లీ పదితో గుణించాలి.

కార్డులో నిమిషానికి ఒక లైన్ రాయిస్తాను. టైము, ఆ నిమిషం లెక్, గరిష్ఠం, ఎల్10, ఎల్90. ఎల్10 అంటే పది శాతం సమయం దాటిన స్థాయి, ఎల్90 అంటే తొంభై శాతం సమయం దాటిన స్థాయి. ఎనిమిది కట్టలకి, అంటే సెకనుకి, ఒకటి చొప్పున ఉన్న 60 విలువల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి పేరిస్తే ఆరోది ఎల్10, యాభై నాలుగోది ఎల్90. ఎల్90 హాలు నేపథ్యం, అంటే ఎవరూ ఏమీ చేయకపోయినా ఉండే హోరు. ఎల్10 మనుషుల కదలిక. గరిష్ఠం కుర్చీలు, తలుపులు. ఈ మూడింటినీ విడివిడిగా చూడగలిగితేనే పరికరం చేసిన ప్రయోజనం దక్కుతుంది. రోజుకి 1,440 లైన్లు, యాభై కిలోబైట్ల లోపే. పది నిమిషాలకొకసారి ఒక్కసారిగా కార్డులోకి రాయించండి, కార్డు ఎక్కువ కాలం మన్నుతుంది.

దీపం ఎప్పుడు వెలగాలి

పది సెకన్ల లెక్ 50 దాటితే వెలిగించాలి అన్నది ఎవరికైనా ముందు తట్టే ఆలోచన. అది సరిపోదు. 40 డెసిబెల్స్ హాల్లో ఒక్క సెకను పాటు పుస్తకం కింద పడి 80 వచ్చిందనుకోండి, ఆ పది సెకన్ల లెక్ 70 అవుతుంది, దీపం వెలుగుతుంది. పుస్తకం జారవిడిచిన మనిషికి అప్పటికే సిగ్గుగా ఉంటుంది, పైగా దీపం కూడానా? అందుకని దీపానికి సగటు వాడకుండా లెక్కింపు వాడాను. గత పది సెకన్లలో కనీసం ఆరు సెకన్లు ఒక హద్దు గీత దాటి ఉంటేనే వెలుగుతుంది. పడిన పుస్తకం ఒక్క సెకనే దాటుతుంది. మాటలు, నవ్వులు, ఫోన్ సంభాషణ అయితే ఆరు సెకన్లు ఇట్టే దాటుతాయి.

ఆ గీత ఎక్కడ గీయాలి? ఒక స్థిరమైన అంకె పెట్టేస్తే సులువే కానీ, హాలు ఉదయం ఒకలా, ఏసీ వేశాక ఒకలా ఉంటుంది. గత 15 నిమిషాల ఎల్90 మీద 10 డెసిబెల్స్ ఎక్కువ దగ్గర గీత పెట్టుకోండి. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి మోత సుమారు రెట్టింపైనట్టు అనిపిస్తుంది కాబట్టి పాఠకులకి కూడా "అవును, పెరిగింది" అని తెలుస్తుంది. అయితే ఇందులో ఒక లోపం ఉంది. ఒక బృందం అరగంట పాటు ఆపకుండా మాట్లాడితే ఎల్90 కూడా మెల్లగా పైకి పోతుంది, గీత దానితో పాటు లేస్తుంది, దీపం ఆరిపోతుంది. దీనికి విరుగుడుగా, లైబ్రరీ తెరవకముందు ఏసీ, ఫ్యాన్లు అన్నీ వేసి ఖాళీ హాలు ఎల్90 కొలిచి ప్రోగ్రాంలో రాసేయండి. గీత లెక్కలో వాడే నేపథ్యం ఆ విలువకి 3 డెసిబెల్స్ మించి ఎప్పుడూ పెరగకూడదు.

ఆరడానికి వేరే గీత ఉండాలి. వెలిగిన గీత దగ్గరే ఆరమంటే దీపం మిణుకుమిణుకుమంటుంది, అది చప్పుడు కంటే ఎక్కువగా చదువు పాడుచేస్తుంది. వెలిగే గీతకి 4 డెసిబెల్స్ కిందికి వచ్చి ఐదు సెకన్లు అక్కడే ఉంటే అప్పుడు ఆర్పండి. వెలిగించడం, ఆర్పడం రెండూ పీడబ్ల్యూఎంతో (దీపాన్ని చాలా వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ వెలుతురు పెంచి తగ్గించే పద్ధతితో) మూడేసి సెకన్ల పాటు మెల్లగా జరగాలి. కంటి మూలలో టక్కుమని ఏదైనా మారితే చూపు అటే పోతుంది. చదివేవాళ్లని కదిలించకుండా, తల ఎత్తినవాళ్లకి మాత్రం కనబడాలి.

కాలిబ్రేషన్

ఒకే రకం మైకులైనా ఒకదానికీ ఇంకోదానికీ కొన్ని డెసిబెల్స్ తేడా ఉంటుంది. ప్రొఫెషనల్ మీటర్లని 94 డెసిబెల్స్ ఇచ్చే కాలిబ్రేటర్ గొట్టంలో పెట్టి సరిచేస్తారు. మన చిన్న బోర్డు ఆ గొట్టంలో పట్టదు. అందుకే పోల్చి సరిచేయాలి.

ఒక మంచి సౌండ్ లెవెల్ మీటర్‌ని ఎవరి దగ్గరైనా అరువు తీసుకోండి. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో, ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగాల్లో ఉంటుంది. అది దొరక్కపోతే, ఐఫోన్ ఉంటే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఉచితంగా ఇచ్చే సౌండ్ లెవెల్ మీటర్ యాప్ దగ్గరి దారి. మీటర్‌ని, మన మైక్‌ని పక్కపక్కనే, ఒకే ఎత్తులో పెట్టండి. ఒక మీటరు దూరంలో స్పీకర్ పెట్టి పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) వేయండి. ఒకే స్వరం వేయకండి, గదిలో ప్రతిధ్వనుల వల్ల చేతి వెడల్పు జరిపితేనే దాని స్థాయి మారిపోతుంది. 70 దగ్గర అర నిమిషం లెక్ రెండింటిలో చూసి తేడా రాసుకోండి. వాల్యూం తగ్గించి 60 దగ్గర, 50 దగ్గర మళ్లీ చూడండి. మూడు చోట్లా తేడా దాదాపు ఒకటే ఉంటే ఆ అంకెనే సవరణగా సూత్రంలో పెట్టండి. ఒక్కో చోట ఒక్కోలా ఉంటే సవరణతో సరిచేయాలని చూడకండి, ఫిల్టర్‌లోనో డీసీ ఆఫ్‌సెట్‌లోనో లోపం ఉంది, వెనక్కి వెళ్లండి.

ఇప్పుడు ఆ 33 సంగతి. హాల్లో నిజంగా 35 డెసిబెల్స్ ఉన్నాయనుకోండి. మైక్ సొంత నాయిస్ 33 దానికి కలిసి మీటరు 37 చూపిస్తుంది. 45 ఉంటే ఈ తేడా పావు డెసిబెల్ కంటే కాస్త ఎక్కువ, పట్టించుకోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పాఠం జరిగే తరగతి గదికి 35 డెసిబెల్స్ సూచించింది. అంత నిశ్శబ్దం ఉందని ఈ మైక్‌తో నిరూపించలేం. 40 కింద కనిపించే అంకెల్ని "చాలా నిశ్శబ్దం" అని మాత్రమే చదవండి.

డబ్బా, స్థలం

డబ్బాకి ఒక రంధ్రం పెట్టి, మైక్ బోర్డుని ఆ రంధ్రానికి లోపలి నుంచి గట్టిగా ఆనించి అతికించండి. రెండు రంధ్రాలూ ఒకదాని మీద ఒకటి రావాలి. మధ్యలో ఖాళీ వదిలితే ఖాళీ సీసా మూతి దగ్గర ఊదినట్టు ఆ గాలి గది ఒక స్వరం దగ్గర మోగి కొలతని పెంచేస్తుంది. బయట నుంచి రంధ్రం మీద పల్చటి స్పాంజ్ అంటిస్తే ఫ్యాన్ గాలి నేరుగా తగలదు.

బల్ల మీద పెట్టకండి. ఎవరైనా పెన్ను పెట్టినా ఆ కుదుపు చెక్క గుండా మైక్‌కి చేరుతుంది. గోడకి అంటించినా గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం కలిసి అంకె పెరుగుతుంది. కూర్చున్నవాళ్ల చెవి ఎత్తు, అంటే సుమారు 1.2 మీటర్లలో, ఒక స్టాండుకి, కింద స్పాంజ్ వేసి బిగించడం మేలు. ఏసీ గాలి దారిలో వద్దు. తలుపు పక్కన కూడా వద్దు, అక్కడ పెడితే హాలుని కాదు, తలుపునే కొలుస్తారు. మామూలుగా మాట్లాడే గొంతు ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది, హాల్లో గోడల వల్ల అంతకంటే తక్కువే తగ్గుతుంది. కాబట్టి పెద్ద హాలుకి ఒక పెట్టె చాలదు. రెండు పెట్టండి, లేదా వారానికొక మూలకి మారుస్తూ ఉండండి.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసి అంటించాను: "ఇది శబ్దం ఎంత ఉందో కొలుస్తుంది. మాటలు రికార్డు చేయదు. ఇంటర్నెట్ లేదు. సందేహం ఉంటే కౌంటర్ దగ్గర అడగండి." అడిగినవాళ్లకి డబ్బా తెరిచి చూపిస్తాను, కార్డులో ఉన్న ఫైలు కూడా చూపిస్తాను. దాన్ని చూసి ఒక కాలేజీ అబ్బాయి తన హాస్టల్‌కి ఇలాంటిదే చేసుకున్నాడు.

వచ్చిన రాతని చదవడం

కార్డు తీసి ఫైలుని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి మూడు గీతలు గీయండి: గరిష్ఠం, ఎల్10, ఎల్90. ఒక వారం పోగుపడే దాకా ఏ నిర్ణయానికీ రాకండి.

ఎల్90 గీత మెట్టులా ఒక్కసారిగా లేచి, గంటల తరబడి అలాగే ఉండి, మళ్లీ మెట్టులా దిగితే అది యంత్రం. మా హాల్లో ఆ మెట్టు ఏసీ వేసే సమయానికి సరిగ్గా సరిపోయింది. వెళ్లి చూస్తే గాలి వచ్చే జాలీ స్క్రూలు వదులై గలగలమంటోంది. బిగించాం, కింద రబ్బరు వేశాం. ఎల్90 తగ్గింది. దానితో పాటు ఎల్10 కూడా దిగింది, అంటే ఎవరూ ఏమీ చెప్పకుండానే జనం గొంతు తగ్గించారు. దీనికి కారణం ఉంది. చుట్టూ హోరు ఉంటే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే ప్రచురించాడు, ఆయన పేరుతోనే లొంబార్డ్ ప్రభావం అంటారు. "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు పక్కనే హోరెత్తే యంత్రం పెట్టి పాఠకులని తప్పుపట్టడం న్యాయం కాదని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

గరిష్ఠం గీతలో సూదుల్లా లేచేవి చూడండి. అవి గంట మొదట్లోనూ చివర్లోనూ గుంపుగా ఉంటే కుర్చీలు. వినికిడి యంత్రం పెట్టుకునే ఒక పెద్దాయన రోజూ పేపర్ విభాగంలో కూర్చుంటారు. మాటలు తనకి ఇబ్బంది కాదని, కుర్చీ గీసుకుపోయే శబ్దమే ఆ యంత్రంలో పెద్దదై చెవిలో గుచ్చుకుంటుందని ఆయన చెప్పారు. కుర్చీ కాళ్లకి ఫెల్ట్ ముక్కలు అంటించాక సూదులు బాగా పలచబడ్డాయి. పుస్తకాల ట్రాలీకి గట్టి ప్లాస్టిక్ చక్రాలు తీసి రబ్బరువి వేయడం, తలుపు దానంతట అది దబ్బున పడకుండా క్లోజర్ స్క్రూ సరిచేయడం కూడా ఈ గీత చూసి చేసిన పనులే.

ఎల్10 మాత్రమే లేచి, ఎల్90 కిందే ఉంటే అది మనుషులు. ఏ సమయంలో లేస్తోందో చూడండి. మా దగ్గర సాయంత్రం గ్రూపుగా చదువుకునే పిల్లలు వచ్చే సమయం అది. వాళ్లు మాట్లాడుకోకుండా కలిసి చదవలేరు. వాళ్లకి ఆ రెండు గంటలు వెనక గది తెరిచి ఇస్తున్నాం.

మూడు నెలలకొకసారి స్పాంజ్ తీసి దుమ్ము దులపండి, పేరుకున్న దుమ్ము పై స్వరాలని తినేస్తుంది. మైక్ రంధ్రం జోలికి మాత్రం వెళ్లొద్దు. ఏడాదికొకసారి అరువు మీటర్ తెచ్చి 60 దగ్గర పోల్చి చూడండి. తేడా రెండు డెసిబెల్స్ దాటితే సవరణ మార్చి, ఆ తేదీని అదే ఫైలులో ఒక లైనుగా రాయండి. రేపు మీ తర్వాత కౌంటర్‌లో కూర్చునేవాళ్లు పాత అంకెల్ని కొత్త అంకెలతో పోల్చేటప్పుడు ఆ లైన్ కావాలి.